ఫించ్ జంటకు ఉప్పు పెట్టాలా? ముందు గుడ్డు పెంకు లెక్క చూద్దాం

ఫించ్‌లనే చిన్న పెంపుడు పిట్టలతో బ్రీడింగ్ మొదలుపెట్టిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది: "వీటికి ఉప్పు పెట్టాలా?" జవాబులు మాత్రం తలా ఒకటి చెబుతారు. నీళ్లలో చిటికెడు ఉప్పు కలపమని ఒకరు, సైంధవ లవణం గడ్డ కేజ్‌కి వేలాడదీయమని ఇంకొకరు. షాపులో అడిగితే గులాబీ రంగు మినరల్ బ్లాక్ చేతిలో పెడతారు. పశువుల మందుల షాపు నుంచి మినరల్ మిక్చర్ తెచ్చి గింజల మీద చల్లేవాళ్లూ ఉన్నారు.

ఈ సలహాలన్నీ ఉప్పునీ, కాల్షియాన్నీ, విటమిన్ డి3నీ, మిగతా ఖనిజాలనీ ఒకే గాటన కట్టేస్తాయి. వీటిలో దేని పద్ధతి దానిదే. కాల్షియం పక్షి ముందు ఎప్పుడూ ఉండాలి, ఎంత తినాలో దానికే వదిలేయాలి. ఉప్పుని మనమే కొలవాలి. డి3కి ఎండ చూపించాలి. ఈ మూడింటికీ తేడా తెలియకపోవడం వల్లే మెత్తటి పెంకు గుడ్లూ, గుడ్డు అడ్డుపడి చచ్చిపోయే పెట్టలూ, కాళ్లు వంకరపోయే పిల్లలూ చూడాల్సి వస్తోంది. ఇవన్నీ చాలావరకు తప్పించగలిగినవే కాబట్టి కాస్త ఓపిగ్గా లెక్కలేసి చూద్దాం. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది జీబ్రా ఫించ్ కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

గింజలో ఎంత, గుడ్డులో ఎంత

పెద్ద జీబ్రా ఫించ్ బరువు 12 గ్రాములు అటూ ఇటూగా ఉంటుంది. గుడ్డు బరువు ఒక గ్రాము. అంటే తన బరువులో పన్నెండో వంతు ఉండే గుడ్డుని రోజుకొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు దాకా వరసగా పెడుతుంది. పెంకు బరువు గుడ్డులో పదిహేనో వంతు అనుకుంటే 65 మిల్లీగ్రాములు. పెంకంతా దాదాపు కాల్షియం కార్బొనేటే. అందులో 40 శాతం కాల్షియం. అంటే ఒక్కో గుడ్డుకి సుమారు 26 మిల్లీగ్రాముల కాల్షియం పెట్ట ఒంట్లోంచి బయటికి పోతుంది. ఐదు గుడ్లు పెడితే 130.

ఇప్పుడు గింజల వైపు చూడండి. కొర్రల్లో వంద గ్రాములకి 31 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుందని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికలు చెబుతాయి. ఫించ్ రోజుకి మూడు గ్రాముల గింజ తింటుందనుకుంటే దానికి దొరికే కాల్షియం ఒక మిల్లీగ్రాము కూడా లేదు. ఒక్క గుడ్డు పెంకుకి కావలసింది గింజల్లోంచే రావాలంటే నాలుగు వారాలు తినాలి. అదీ తిన్నదంతా ఒంటికి పట్టి, తన ఎముకలకి ఏమీ ఖర్చు కాకపోతేనే. పెట్టకి మాత్రం మర్నాడు పొద్దున్నకే ఇంకో పెంకు కావాలి.

దీనికి తోడు భాస్వరం సమస్య. అదే వంద గ్రాముల కొర్రల్లో భాస్వరం 290 మిల్లీగ్రాములు, అంటే కాల్షియం కంటే తొమ్మిది రెట్లు ఎక్కువ. పక్షి ఆహారంలో కాల్షియం భాస్వరానికి సమానంగానో రెట్టింపుగానో ఉండాలి. ఇక్కడ లెక్క పూర్తిగా తిరగబడింది. పైగా గింజలోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. ఈ ఫైటేట్ కాల్షియాన్నీ, జింకునీ, ఇనుమునీ పట్టుకుని ఒంటికి పట్టకుండా చేస్తుంది. గింజల్ని నానబెట్టి మొలకెత్తిస్తే ఫైటేట్ కొంత తగ్గుతుంది. బ్రీడింగ్ రోజుల్లో మొలకలు పెట్టమని అనుభవం ఉన్నవాళ్లు చెప్పడానికి ఇదొక కారణం.

మనకి కలిసొచ్చేది రాగులు. ఉత్తరాంధ్రలో చోళ్లంటారు. వంద గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం, అంటే కొర్రలకి పదకొండు రెట్లు. ఫారిన్ సీడ్ మిక్స్ ప్యాకెట్ల కోసం తాపత్రయపడేవాళ్లు ఈ విషయం గమనించరు. నా మాట వింటే కొర్రలు, వరిగలు, సామలతో పాటు మిక్స్‌లో రాగులు కూడా ఉండాల్సిందే. కొర్రలు, సామలు కొనేటప్పుడు మాత్రం పొట్టుతో ఉన్నవే తీసుకోండి. మనం వండుకునే కొర్ర బియ్యం తొందరగా పాడవుతాయి, మొలకెత్తవు. ఇంతా చేసి, మిక్స్‌లో మూడో వంతు రాగులు వేసినా రోజుకి వచ్చేది నాలుగు మిల్లీగ్రాముల లోపే. మామూలు రోజులకి అది మంచిదే. గుడ్ల వారానికి ఏ మూలకూ చాలదు.

అడవిలో ఏం జరుగుతుంది

మరి బయట బతికే పిట్టలు ఈ లోటు ఎలా పూడ్చుకుంటాయి? కోడిపెట్టకి గుడ్లు పెట్టే ముందు ఎముకల లోపల ప్రత్యేకంగా కాల్షియం నిల్వ తయారవుతుంది. చిన్న పిట్టల్లో ఆ నిల్వ గుడ్లన్నిటికీ సరిపోదు. అందుకే అవి గుడ్లు పెట్టే రోజుల్లో ఏరోజుకారోజు కాల్షియం వెతుక్కుంటాయి. నత్త గుల్లలు, గుడ్డు పెంకుల ముక్కలు, సున్నపు మట్టి, ఏది దొరికితే అది.

ఇది దొరక్కపోతే ఏమవుతుందో నెదర్లాండ్స్ అడవుల్లో తేటతెల్లంగా కనిపించింది. 1980ల్లో అక్కడ గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టల గుడ్లు పల్చబడి, చిల్లులు పడి, పొదగకుండానే పాడైపోవడం మొదలైంది. మొదట పురుగుమందుల్ని అనుమానించే పరిస్థితే. పరిశోధకుడు జాప్ గ్రేవ్‌లాండ్, ఆయన సహచరులు వెతికి పట్టుకున్న కారణం వేరు. ఆమ్ల వర్షాలకి ఇసుక నేలల్లోని కాల్షియం కొట్టుకుపోయింది, దాంతో నత్తలు తగ్గిపోయాయి, నత్త గుల్లలు లేక పిట్టలకి పెంకు కట్టడానికి సరుకు లేకుండా పోయింది. అదే అడవిలో నత్త గుల్లలూ కోడిగుడ్డు పెంకుల ముక్కలూ పెడితే గుడ్లు మళ్లీ బాగుపడ్డాయి. ఈ పరిశోధన 1994లో నేచర్ పత్రికలో వచ్చింది. తిండి పుష్కలంగా ఉన్న అడవిలో, కేవలం కాల్షియం ముక్క దొరక్క, పిట్టల సంతానమే దెబ్బతింది. మనం కేజ్‌లో గింజల గిన్నె నింపి ఊరుకున్నప్పుడు చేస్తున్నది కూడా అదే.

కాల్షియం: ఎదురుగా పెట్టి వదిలేయండి

అన్నిటికంటే తేలిక మార్గం కటిల్ బోన్. ఆయుర్వేద షాపుల్లో సముద్రఫేనం, సముద్రపు నురుగు అని అడిగితే ఇచ్చేది అదే. కటిల్ ఫిష్ అనే సముద్ర జీవి ఒంట్లో ఉండే గుల్ల అది. చేతిలోకి తీసుకుంటే ఒకవైపు గట్టిగా, నున్నగా పింగాణీలా ఉంటుంది. రెండోవైపు గోటితో గీరితే తెల్లటి పొడి రాలుతుంది. ఆ మెత్తటి వైపు పక్షికి అందేలా, కూర్చునే కర్రకి ముక్కు ఎత్తున కట్టాలి. తిరగేసి కట్టిన కేజ్‌లు చాలా ఉంటాయి. "మా పక్షి ముట్టుకోవడం లేదు" అని చెప్పేవాళ్లు ముందు అది చూసుకోవాలి. ఫించ్ ముక్కు చిన్నది, చిలక ముక్కులా గట్టి వైపుని కొరకలేదు. అప్పటికీ తినకపోతే మెత్తటి వైపు గీరి, ఆ పొడిని చిన్న గిన్నెలో పెట్టండి.

ఎంత ఖర్చవుతుందో చూడండి. ఐదు గుడ్లకి 130 మిల్లీగ్రాముల కాల్షియం. తిన్నదాంట్లో సగమే ఒంటికి పట్టిందనుకున్నా 260. కటిల్ బోన్‌లో మూడో వంతు పైనే కాల్షియం కాబట్టి ఒక గ్రాము లోపు సరిపోయింది. చిన్న ముక్క ఒకటి ఉంటే సీజన్ అంతా గడిచిపోతుంది. విశాఖ, కాకినాడ తీరాల్లో ఇసుక మీద దొరికేదాన్ని ఏరి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. తెచ్చుకోవచ్చు, కానీ రోజూ నీళ్లు మారుస్తూ వారం నానబెట్టి, ఎండలో బాగా ఆరబెట్టాకే వాడాలి. లేకపోతే సముద్రపు ఉప్పు, మురికి దాంతోపాటే కేజ్‌లోకి వస్తాయి.

అదీ లేకపోతే కోడిగుడ్డు పెంకు. ఇంత చవకైన, ఇంత మంచి కాల్షియం మన వంటింట్లోంచి రోజూ చెత్తబుట్టలోకి పోతోంది. ఒక పెంకు ఐదారు గ్రాములుంటుంది, అందులో రెండు గ్రాముల దాకా కాల్షియం. డెబ్బై ఫించ్ గుడ్ల పెంకులకి సరిపడా సరుకు అది! పెంకుల్ని కడిగి, పది నిమిషాలు మరగనిచ్చి, ఆరబెట్టి, పెనం మీద సన్నటి సెగకి కాసేపు వేడిచేయాలి. చల్లారాక రోట్లో దంచితే చాలు. మిక్సీ పడితే పిండైపోతుంది. బొంబాయి రవ్వంత పలుకుండాలి, ఎందుకంటే పలుకు పొట్టలో ఎక్కువసేపు నిలిచి నెమ్మదిగా కరుగుతుంది. పెంకు కట్టుకునేది ఎక్కువగా రాత్రి పూట. ఆ సమయంలో పక్షి ఏమీ తినదు. లేయర్ కోళ్ల (గుడ్ల కోసం పెంచే కోళ్ల) ఫారాల్లో గుల్లని మరీ పిండి చేయకుండా ముక్కలుగా వేసేది కూడా ఇందుకే. మీ పెట్టని సాయంత్రం పూట గమనించండి. గుడ్లు పెట్టే రోజుల్లో చీకటి పడే ముందు కటిల్ బోన్ దగ్గరకి పదే పదే వెళ్తుంటే అది సరిగ్గా తన పని తాను చేసుకుంటోందన్నమాట. అందుకే పెంకు గిన్నె పొద్దున పెట్టి మధ్యాహ్నం తీసేయకూడదు.

ఆకుకూరల్లో మునగాకుకి నా ఓటు. వంద గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం. పాలకూర, తోటకూర, గోంగూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. వాటిలో కాల్షియం ఉన్నా ఒంటికి పట్టనివ్వవు. అప్పుడప్పుడు పెడితే నష్టం లేదు గానీ కాల్షియం కోసమని పెట్టొద్దు.

తాంబూలంలోకి వాడే సున్నం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. "పిచ్చుకలు సున్నం గోడని గీరి తింటాయి కదా" అని కొందరి వాదన. తింటాయి, నిజమే. కానీ గోడ మీద ఆరిన పాత సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని తిరిగి కాల్షియం కార్బొనేట్‌గా మారిపోయి ఉంటుంది. డబ్బాలోని తడి సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్. మనకే కాస్త ఎక్కువైతే నోరు పొక్కుతుంది. 12 గ్రాముల పిట్ట నోరూ, అన్నవాహికా ఏమవుతాయో చెప్పక్కర్లేదు.

ఇక గులాబీ, పచ్చ రంగుల మినరల్ బ్లాకులు. చార్మినార్ దగ్గర ముర్గీ చౌక్ నుంచి ఆన్‌లైన్ షాపుల దాకా అన్నిచోట్లా ఉంటాయి. వీటిలో కొన్ని మంచివే. చవకవాటిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి రంగు కలిపినవీ ఉన్నాయి. అది కాల్షియం సల్ఫేట్. బడిలో వాడే సుద్దముక్కలూ చాలావరకు దాంతో చేసినవే. తేడా పట్టుకోవడం సులువు. బ్లాక్‌ని కాస్త గీరి, ఆ పొడి మీద నాలుగు చుక్కలు నిమ్మరసమో వెనిగరో వేయండి. కాల్షియం కార్బొనేట్ అయితే బుసబుసమని నురుగొస్తుంది. కటిల్ బోన్ పొడి మీదా ఇలాగే వేసి పోల్చుకోండి. నురుగే రాకపోతే ఆ బ్లాక్‌ని కేజ్‌లో పెట్టొద్దు.

గ్రిట్, అంటే పక్షులు మింగే పలుకుల గురించి రెండు ముక్కలు. పావురం గింజని పొట్టుతో సహా మింగుతుంది కాబట్టి దానికి పొట్టలో అరగదీయడానికి గట్టి రాళ్లు కావాలి. ఫించ్ పొట్టు ఒలిచి తింటుంది, దానికి గ్రానైట్ పలుకులు అవసరం లేదు. జబ్బుపడ్డ పక్షి అవి ఎక్కువ మింగితే పొట్టలో అడ్డం పడే ప్రమాదం కూడా ఉంది. ఆల్చిప్పల గుల్లలాంటి కరిగేది పెడితే చాలు.

ఎండ లేకపోతే కాల్షియం వృథా

కటిల్ బోన్ రోజూ తింటున్నా మెత్తటి గుడ్లు పెడుతోందంటే ముందు కేజ్ ఎక్కడుందో చూడాలి. తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి వెళ్లాలంటే విటమిన్ డి3 కావాలి. గింజల్లో అది లేదు. చర్మం మీద ఎండలోని అతినీల లోహిత కిరణాలు పడితే ఒంట్లోనే తయారవుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అపార్ట్‌మెంట్ హాల్లో అద్దం వెనక ఎంత వెలుతురున్నా ఈ విషయంలో చీకట్లో ఉన్నట్టే. అద్దం లేని బాల్కనీలో, కేజ్‌లో సగం నీడ ఉండేలా, పొద్దుటి ఎండ తగలనిస్తే మన ప్రాంతంలో అంతకు మించి అక్కర్లేదు. నీడ తప్పనిసరి. మే నెలలో అరగంట నిలువుటెండకే ప్రాణం పోతుంది.

ఎండ తగిలే వీలు లేనివాళ్లు డి3 చుక్కల మందు వాడతారు. ఇక్కడ టెన్షన్ పడాల్సింది డబుల్ డోసు గురించి. విటమిన్ మందులో డి3 ఉంటుంది, లిక్విడ్ కాల్షియంలోనూ ఉంటుంది, ఎగ్ ఫుడ్ (గుడ్డు కలిపిన తిండి) ప్యాకెట్‌లోనూ కలిపి ఉంటుంది. మూడూ కలిపి వాడితే డి3 ఎక్కువై, కాల్షియం వెళ్లి కిడ్నీల్లో పేరుకుంటుంది. ముక్కుతో ఏరుకుని తినే కాల్షియం దగ్గర పక్షి తనకి చాలనిపించినప్పుడు ఆగుతుంది. నీళ్లలో కలిపింది తాగక తప్పదు. పక్షికి ఆ చాయిస్ లేకుండా చేసే ఏ మందైనా డాక్టర్ చెబితేనే, చెప్పినన్ని రోజులే వాడాలి. లేయర్ కోళ్ల దాణాలో కాల్షియం మూడున్నర శాతం పైనే ఉంటుంది. అదే దాణా గుడ్లకు రాని పిల్ల కోళ్లకి పెడితే కిడ్నీలు దెబ్బతింటాయని కోళ్లు పెంచే ప్రతి రైతుకీ తెలుసు. ఫించ్‌లకీ అదే వర్తిస్తుంది. లేయర్ ఫీడ్‌ని, పశువుల మినరల్ మిక్చర్‌ని గింజలకి పట్టించడం అందుకే మంచిది కాదు. పైగా ఆ మిక్చర్లలో భాస్వరం కూడా కలిపి ఉంటుంది. గింజల్లో అప్పటికే ఎక్కువున్నది అదే.

ఇప్పుడు ఉప్పు సంగతి

ఉప్పు అసలు అక్కర్లేదని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. గింజల్లో సోడియం చాలా తక్కువ. వంద గ్రాముల చిరుధాన్యాల్లో ఐదు మిల్లీగ్రాములు అటూ ఇటూ. మూడు గ్రాములు తినే పిట్టకి అందేది 0.15 మిల్లీగ్రాములు. కోళ్ల దాణాలో సోడియం సుమారు 0.15 శాతం ఉండేలా చూస్తారు. ఆ కొలత ప్రకారం మూడు గ్రాముల తిండిలో నాలుగున్నర మిల్లీగ్రాములుండాలి. కోడి కొలత ఫించ్‌కి అచ్చంగా సరిపోదు, నిజమే. అయినా ముప్పై రెట్ల తేడా అంటే గింజలతోనే బతికే పక్షికి సోడియం లోటు ఉందనే అర్థం.

ప్రకృతిలోనూ ఈ ఆకలి కనిపిస్తుంది. అమెరికా, కెనడాల్లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. క్రాస్‌బిల్స్, సిస్కిన్లు అనే గింజలు తినే చిన్న పిట్టలు ఆ ఉప్పు కోసం గుంపులుగా రోడ్ల మీద వాలి కార్ల కింద పడి చనిపోతుంటాయి. పెరూలోని టంబోపాటా నది ఒడ్డున చిలకలు, మకావ్‌లు వందలాదిగా మట్టి తింటాయి. అవి ఏరి తినే మట్టిలో సోడియం ఎక్కువని, గూళ్లు పెట్టే కాలంలో ఆ తినడం పెరుగుతుందని అక్కడి పరిశోధనలు తేల్చాయి. కాబట్టి బ్రీడింగ్‌కీ ఉప్పుకీ సంబంధం ఉంది.

ఆకలి ఉంది కదా అని గిన్నెడు ఉప్పు పెట్టామా, ప్రాణం తీసినట్టే. కెనడా పరిశోధకులు పిచ్చుకల మీద చేసి 2005లో ప్రచురించిన ప్రయోగంలో, కిలో బరువుకి 3 నుంచి 3.5 గ్రాముల ఉప్పు ఒక్కసారిగా అందితే సగం పక్షులు చనిపోతాయని తేలింది. 12 గ్రాముల ఫించ్‌కి ఆ లెక్కన 36 నుంచి 42 మిల్లీగ్రాములు. రెండు వేళ్లతో తీసే చిటికెడు ఉప్పు 300 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే చిటికెలో ఏడెనిమిదో వంతు చాలు. బాతులు, సముద్రపు పక్షులకి ఎక్కువైన ఉప్పుని ముక్కు ద్వారా బయటికి పంపే గ్రంథులు పనిచేస్తాయి. ఫించ్‌లకి ఆ సదుపాయం లేదు, భారమంతా కిడ్నీల మీదే. గూట్లో ఉన్న పిల్లల కిడ్నీలు ఇంకా ఎదగవు. తల్లి పక్షి ఉప్పు తిని వచ్చి నోటికందిస్తే వాటికి నీళ్లు తాగే దారి కూడా లేదు.

"జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియా ఎడారి పక్షి, ఉప్పునీళ్లయినా తట్టుకుంటుంది" అనే మాట వినిపిస్తుంటుంది. ఎండు నేలల పక్షేనన్నది నిజం. నీళ్లు లేకుండా చాలాకాలం నెట్టుకురాగలదని ప్రయోగాల్లోనూ తేలింది. తట్టుకోవడం వేరు, అందులో పిల్లల్ని పెంచడం వేరు. అక్కడ కూడా అవి వానలు పడి గడ్డి పచ్చి గింజలు పట్టాకే గూళ్లు కడతాయి. ఇక బెంగాలీస్ ఫించ్ వంశమే వేరు. తెల్లనడుము మునియా అనే చిన్న పిట్టని జపాన్‌లో తరతరాలుగా పెంచగా వచ్చిన పెంపుడు రకం అది. దానికి ఎడారి వారసత్వమేదీ లేదు.

మరి ఎలా ఇవ్వాలి? నా దృష్టిలో మొదటి మార్గం ఉడకబెట్టిన కోడిగుడ్డు. వంద గ్రాముల గుడ్డులో 130 మిల్లీగ్రాములు అటూ ఇటూగా సోడియం ఉంటుంది. ఫించ్ ఒక గ్రాము తిన్నా గింజల్లో రోజంతా దొరికేదానికి ఎనిమిది రెట్లు. పిల్లల్ని మేపే రోజుల్లో జంట ఇంకా ఎక్కువ తింటుంది కాబట్టి లోటు దానంతటదే పూడుతుంది. పచ్చసొనలో అయోడిన్, సెలీనియం, జింక్ కూడా ఉన్నాయి. పిల్లలకి కావలసిన ప్రోటీన్ ఎలాగూ అందులోనే ఉంది. పన్నెండు నిమిషాలు ఉడికించి, ఫోర్క్‌తో మెదిపి, ఇందాక చెప్పిన పెంకు రవ్వ కాస్త కలిపి పెట్టండి. ఎండాకాలం రెండు మూడు గంటలకి మించి ఉంచొద్దు, పులిసిన గుడ్డు ఉప్పు కంటే ముందు చంపుతుంది.

గుడ్డు తినని జంటలు కొన్ని ఉంటాయి. వాటికి ఉప్పు కలిపిన గుల్ల పొడి ఇవ్వొచ్చు: వంద గ్రాముల పెంకు రవ్వకో గుల్ల పొడికో ఒక గ్రాము మెత్తటి ఉప్పు, అంతే. కిచెన్ త్రాసు కాకుండా గ్రాములో పదో వంతు చూపించే చిన్న త్రాసుతో తూచాలి. ఒక శాతం మిశ్రమంలో ప్రాణం మీదికి తెచ్చేంత ఉప్పు చేరాలంటే పక్షి ఒక్క విడతలో నాలుగు గ్రాముల పొడి తినాలి. 12 గ్రాముల పక్షికి అది కుదరని పని. మామూలు ఉప్పు కేజ్‌లో ఎక్కడా విడిగా ఉండకూడదు. పక్కన మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి. గూట్లో వారం లోపు పిల్లలున్నప్పుడు ఈ గిన్నె తీసేసి ఉప్పు లేని పెంకు రవ్వ పెట్టండి. అన్నాళ్లూ ఉప్పు లేకుండా పెరిగిన పక్షులు మొదటిరోజు ఎగబడి తింటాయి కాబట్టి మొదట్లో అర చెంచా మాత్రమే పెట్టాలి.

తాగే నీళ్లలో మాత్రం ఉప్పు కలపొద్దు. పక్షి తాగేది దాహాన్ని బట్టి. ఏప్రిల్‌లో తాగేది డిసెంబర్‌లో తాగేదానికి రెట్టింపు ఉండొచ్చు, పిల్లల్ని మేపేటప్పుడు ఇంకా ఎక్కువ. ఉప్పు తాగితే దాహం పెరుగుతుంది, దాహానికి మళ్లీ ఉప్పునీళ్లే తాగుతుంది. ఆ చక్రం ఆగదు. తీరప్రాంతంలో బోరు నీళ్లు ఉప్పగా ఉండే ఇళ్లలో అదనపు ఉప్పు మాటే వద్దు, తాగడానికి మంచినీళ్లు వేరుగా పెట్టండి. ఫిల్టర్ నీళ్లలో మినరల్స్ పోతాయని బెంగపడేవాళ్లకి ఒక లెక్క: లీటరుకి 100 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న కఠిన జలమైనా, పక్షి తాగే నాలుగు మిల్లీలీటర్లలో వచ్చేది 0.4 మిల్లీగ్రాములు. ఉన్నా లేకున్నా ఒకటే.

సైంధవ లవణమా, మామూలు ఉప్పా అన్న చర్చకి పెద్దగా అర్థం లేదు. రెండూ దాదాపు పూర్తిగా సోడియం క్లోరైడే. గులాబీ రంగు గడ్డలోని మిగతా ఖనిజాలు ఫించ్ తినే ఒకటి రెండు మిల్లీగ్రాముల్లో లెక్కకి రావు. అయోడిన్ ఉప్పు వాడితే అయోడిన్ సమస్య తీరుతుందనే నమ్మకమూ అంతే. మన దగ్గర అమ్మే అయోడిన్ ఉప్పులో వినియోగదారుడి చేతికొచ్చేసరికి కనీసం 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు) ఉండాలని నిబంధన. రెండు మిల్లీగ్రాముల ఉప్పులో అది 0.03 మైక్రోగ్రాములు. కోళ్ల కొలత ప్రకారం ఫించ్‌కి రోజుకి ఒక మైక్రోగ్రామైనా కావాలి. కేవలం గింజలు తినే బడ్జీ చిలకల్లో అయోడిన్ లోటు వల్ల గొంతు దగ్గర థైరాయిడ్ వాయడం పాత సమస్యే. దానికి మందు కూడా గుడ్డులోనే ఉంది, ఉప్పు డబ్బాలో లేదు.

గుడ్డు అడ్డుపడితే

కాల్షియం అంటే పెంకు ఒక్కటే కాదు. కండరం ముడుచుకోవడానికీ అది కావాలి. రక్తంలో కాల్షియం పడిపోతే గుడ్డుని బయటికి తోసే బలమే పెట్టకి ఉండదు. ఒళ్లంతా ఉబ్బరించుకుని, కేజ్ అడుగున కూర్చుని, తోక ఆడిస్తూ ముక్కుతుంటే అదే అనుమానించాలి. డిసెంబర్, జనవరి చలి రాత్రుల తర్వాత, మొదటిసారి గుడ్లు పెట్టే చిన్న వయసు పెట్టల్లో ఎక్కువగా చూస్తాం. ముందు వెచ్చదనం: చిన్న కేజ్‌లోకి మార్చి, బల్బు పెట్టి, 30 డిగ్రీల దాకా వేడి ఉండేలా చూడండి. దూరం జరగడానికి చోటుండాలి. ఆముదం రాసి పొట్ట నొక్కడం చేయొద్దు, లోపల గుడ్డు పగిలితే ఇక బతకదు. పక్షుల్ని చూసే డాక్టర్ కాల్షియం గ్లూకోనేట్ ఇస్తే గంటల్లోనే తేరుకునే అవకాశం ఉంది కాబట్టి రేపటిదాకా ఆగొద్దు.

ఒకసారి ఇలా అయిన పెట్టకి ఆ సీజన్‌లో మళ్లీ గూడు పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం. జీబ్రా ఫించ్‌లు వీలుంటే ఏడాది పొడుగునా పెడుతూనే ఉంటాయి. ఒక బ్యాచ్ పిల్లలు మూడు వారాలకి గూడు దాటేసరికి కొత్త గుడ్లు సిద్ధం చేస్తాయి. రెండు మూడు విడతల తర్వాత గూడు కుండ తీసేసి, మగదాన్నీ పెట్టనీ కొన్ని నెలలు వేరుగా ఉంచాలి. ఆ విరామంలో ఎగ్ ఫుడ్ వారానికి ఒకసారికి తగ్గించండి, ఉప్పు కలిపిన గిన్నె పూర్తిగా తీసేయండి. కటిల్ బోన్ మాత్రం ఉండనివ్వండి, ఎముకల్లోంచి ఖర్చయిందాన్ని పెట్ట అప్పుడే తిరిగి నింపుకుంటుంది.

ఇంకొక్క మాట. ఇదంతా విదేశీ ఫించ్‌ల గురించి. మన పొలాల్లో తిరిగే జినువాయి పిట్టల్ని, ఎర్ర మునియాల్ని వల వేసి పట్టి, రంగులద్ది, ఫించ్‌లని చెప్పి అమ్మేవాళ్లు ఉన్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఎంత మంచి కాల్షియం పెట్టినా ఆ పక్షులు ఉండాల్సింది కేజ్‌లో కాదు. కొనకండి. ఎవరైనా అమ్ముతుంటే అటవీ శాఖకి చెప్పండి.